రెండు పాత స్పోర్ట్స్ కూపేల్లో ఏది తీసుకోవాలి: బరంపురం వైపు వాళ్ళకి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం. మనవైపు నుంచి పాత స్పోర్ట్స్ కూపే, అంటే రెండు తలుపుల కారు, కోసం వెతికేవాళ్ళకి నెలల తరబడి తిరిగాక చివరికి రెండు బళ్ళు తేలతాయి. ఒకటి హైదరాబాదులో ఉంటుంది, ఇంకోటి భువనేశ్వర్‌లోనో చెన్నైలోనో. ఫొటోల్లో రెండూ తళతళలాడుతుంటాయి. అమ్మేవాళ్ళిద్దరూ "షోరూం కండిషన్ సార్" అనే అంటారు. అప్పుడు హార్స్ పవర్ లెక్కలు పోల్చుకుంటూ కూర్చుంటే ఏమీ తేలదు. ఇన్నేళ్ళూ ఈ బండిని ఎవరు ఎలా చూసుకున్నారు, దాన్ని దారికి తేవడానికి మొదటి ఏడాది ఎంతవుతుంది, పాడైతే ఏ ఊరు తీసుకెళ్ళాలి: ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏది కొనాలో దానంతట అదే తేలిపోతుంది.

ఉదాహరణకి మన దేశంలో అధికారికంగా అమ్మిన రెండు కూపేలు తీసుకుంటాను. ఫోర్డ్ మస్టాంగ్ జీటీ 2016లో వచ్చింది. అప్పటి ధర ఢిల్లీ ఎక్స్ షోరూం 65 లక్షలు. 5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను, 401 పీఎస్ (దాదాపు హార్స్ పవరే), 6 గేర్ల ఆటోమేటిక్, వెనక చక్రాలకే పవర్. మూడో తరం ఆడి టీటీ 2015లో సుమారు 60 లక్షలకి వచ్చింది. 2 లీటర్ల టర్బో, 230 పీఎస్, డబుల్ క్లచ్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకీ పవర్. మీ చేతిలో ఉన్నవి బీఎండబ్ల్యూ ఎం2, పోర్షే కేమన్ అయినా పద్ధతి ఇదే.

ముందు మీ ఇల్లు కొలవండి

మస్టాంగ్ పొడవు 4,784 మిల్లీమీటర్లు, అద్దాలు కాకుండానే వెడల్పు 1,916. టీటీ పొడవు 4,177, వెడల్పు 1,832. కాగితం మీద చిన్న తేడాలాగే కనిపిస్తుంది గానీ బరంపురం పాత వీధుల్లో ఉండేవాళ్ళకి ఇది పెద్ద తేడా. పైగా రెండు తలుపుల బండికి తలుపు పొడుగ్గా ఉంటుంది. గోడ పక్కన ఆపితే సగమే తెరుచుకుంటుంది, మనిషి దిగలేడు. టేపు పట్టుకుని గేటు, గేటు ముందు మలుపు, బండి నిలిపే చోటు కొలవండి. వీధి నుంచి ఇంట్లోకి ఎక్కే ర్యాంపు ఏటవాలు కూడా చూడండి. అది నిటారుగా ఉంటే ముందు బంపరు కింది అంచు రోజూ గీసుకుంటుంది.

ఆ తర్వాత వర్క్‌షాపు సంగతి. బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖపట్నం ఇంకా దూరం. రెండు ఊళ్ళలోనూ ఈ బండిని ఎవరు బాగుచేస్తారో కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఫలానా మోడల్, ఫలానా సంవత్సరం అని చెప్పి, బ్రేక్ ప్యాడ్లు ఎన్ని రోజుల్లో తెప్పిస్తారో అడగండి. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో మన దేశంలో బళ్ళ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మస్టాంగ్ ఎలాగూ అమెరికా నుంచి పూర్తిగా తయారై వచ్చిన బండే కాబట్టి విడిభాగాల కోసం ఎదురుచూపులు తప్పవు. టీటీ తయారీ కూడా 2023లో ఆగిపోయింది. అయితే దాని ఇంజను, గేర్‌బాక్సు ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బళ్ళలో కూడా వాడిన కుటుంబానివే, కనుక చేయి తిరిగిన మెకానిక్ దొరకడం కొంత తేలిక.

ప్రయాణం కట్టకముందే కాగితాలు తెప్పించుకోండి

ఆర్‌సీ, ఇన్సూరెన్సు, సర్వీసు బిల్లులు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఫొటోలు వాట్సాప్‌లో పంపమనండి. పంపడానికి తటపటాయించే మనిషి దగ్గరికి రైలెక్కి వెళ్ళక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ రవాణా శాఖ పరివాహన్ సైటులో నంబరు కొడితే ఎన్నో యజమాని, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది, బ్యాంకు అప్పు ఉందా అన్నవి కనిపిస్తాయి. ఈ-చలాన్లు విడిగా చూడాలి. ఏపీ 39 అని ఉన్న నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పలేం, 2019 నుంచి ఆంధ్ర మొత్తానికి అదే కోడ్ పెట్టారు. బండి ఏ ఊళ్ళో తిరిగిందో బిల్లుల మీద ఉన్న వర్క్‌షాపు అడ్రసులు చెబుతాయి.

బిల్లులన్నీ తేదీల వరుసలో పెట్టి, పక్కన కిలోమీటర్లు రాసుకోండి. రెండేళ్ళు బిల్లే లేకపోతే ఎందుకని అడగాలి. 2018లో 31 వేలు, 2021లో 29 వేలు అని కనిపిస్తే మీటరు వెనక్కి తిప్పారు, ఇంక మాట్లాడే పని లేదు. టీటీ అయితే రెండు బిల్లులు ముఖ్యం: 60 వేల కిలోమీటర్లకి గేర్‌బాక్సు ఆయిల్ మార్చినట్టు ఒకటి, వెనక చక్రాలకి పవర్ పంపే క్లచ్ యూనిట్ ఆయిల్ మూడేళ్ళకోసారి మార్చినట్టు ఒకటి. రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. మస్టాంగ్ ఇంజనుకి ఒక్కసారికి సుమారు 7.6 లీటర్ల ఆయిల్ పడుతుంది. బిల్లులో 4 లీటర్లే ఉంటే ఎవరో చేయి తిరగనివాళ్ళు చేసిన పనే. చాసిస్ నంబరు చెప్పి ఆ కంపెనీ సర్వీసు సెంటర్లో రీకాల్ పనులేమైనా (లోపం ఉందని కంపెనీయే బళ్ళని వెనక్కి పిలిచి చేసే మరమ్మతులు) మిగిలాయా అని అడగడం కూడా ఈ దశలోనే.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. మన సరిహద్దు ఊళ్ళలో "ఇచ్ఛాపురంలో మావయ్యగారి అడ్రసు మీద ఏపీ నంబరే ఉంచేద్దాం" అనే సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. వినకండి. బండి ఒడిశాలో 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని చట్టమే చెబుతోంది. 60 లక్షల బండి ఎప్పుడూ పోలీసు కంటికి ఆనుతుంది. ఇన్సూరెన్సు క్లెయిమ్ వేసిన రోజున అడ్రసు ఒకచోట, బండి ఒకచోట ఎందుకుందని అడిగితే మావయ్యగారు కూడా ఇబ్బందిలో పడతారు.

రెండింటినీ ఒకే కాగితం మీద చూడండి

వీలైతే రెండు బళ్ళనీ ఒకే వారంలో, ఒకే మెకానిక్‌తో చూడండి. ఒక్కో ఊళ్ళో ఒక్కో మెకానిక్ చెప్పిన మాటలు పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఒక పెద్ద కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ పక్కన ఒక బండి, కుడి పక్కన ఇంకోటి పెట్టుకోండి. చూసిందల్లా అక్కడికక్కడే రాయండి. మూడు గంటల తర్వాత ఏ బండి వెనక టైరు అరిగిందో గుర్తుండదు.

అమ్మేవాళ్ళకి ముందే చెప్పండి: "చల్లగా ఉన్నప్పుడు చూడాలండీ, మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి." వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మర్నాడు పొద్దున్నే మళ్ళీ వస్తామనండి.

తలుపుతో మొదలుపెట్టండి. ఈ రెండు బళ్ళ తలుపులకీ అద్దం చుట్టూ ఫ్రేము ఉండదు. హ్యాండిల్ ఎత్తగానే అద్దం వేలెడు కన్నా తక్కువ కిందికి దిగుతుంది, తలుపు మూయగానే మళ్ళీ పైకెక్కి రబ్బరులో కూర్చుంటుంది. అటూ ఇటూ నాలుగైదు సార్లు తీసి మూసి చూడండి. ఒక్కసారైనా అద్దం దిగకపోతే తాళం లోపలి స్విచ్చో, అద్దం మోటారో పోతోందన్నమాట. అద్దం దిగకుండానే తలుపు లాగుతూ వచ్చిన బండికి పైన రబ్బరు చిరిగి ఉంటుంది, వానాకాలంలో నీళ్ళు సీటు మీదకే కారతాయి. తలుపు సగం తెరిచి కింది అంచు పట్టుకుని పైకి ఎత్తండి. ఈ బరువైన తలుపులకి మడతబందులు అరిగితే చేతికి ఆట తెలుస్తుంది.

టింకరింగ్ పని పట్టుకోవడానికి మన మెకానిక్‌లు అయస్కాంతం వాడతారు. ఈ రెండు బళ్ళ దగ్గర ఆ పరీక్ష మోసం చేస్తుంది. టీటీకి తలుపులు, బానెట్ అల్యూమినియం. మస్టాంగ్‌కి బానెట్, ముందు ఫెండర్లు (ముందు చక్రాల పైన ఉండే రేకులు) అల్యూమినియం. అక్కడ అయస్కాంతం అసలే అతుక్కోదు. ఇనుమునీ అల్యూమినియాన్నీ రెంటినీ కొలిచే పెయింట్ మీటరు తెప్పించండి. మామూలుగా కంపెనీ పెయింటు 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర చూపిస్తుంది. ఒకచోట 300 చూపిస్తే మళ్ళీ పెయింటు వేశారు, 500 దాటితే లోపల పుట్టీ ఉంది. చిన్న గీతకి పెయింటు వేయించుకోవడం నేరమేమీ కాదు, ఏం జరిగిందో దాచకుండా చెప్పారా లేదా అన్నదే చూడాలి. గోపాలపురం, విశాఖ, చెన్నై లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో తిరిగిన మస్టాంగ్‌కైతే బానెట్ ముందు అంచుని వేలితో తడమండి. పెయింటు కింద చిన్న బుడగలు తగిలితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తోందన్నమాట.

వరద నీళ్ళలో మునిగిన బండిని పట్టుకోవడం

దీని మీద కావాలనే ఎక్కువసేపు ఆగుతున్నాను. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2022 సెప్టెంబరులో బెంగళూరు, మళ్ళీ 2023 డిసెంబరులో చెన్నై నీట మునిగాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాల మీదే విరుచుకుపడింది. అలా మునిగిన బళ్ళు ఉతికి ఆరేసుకుని, ఆ సంగతి తెలియని దూరపు ఊళ్ళకి చేరతాయి. కింది అంతస్తు పార్కింగులో నిలబెట్టే ఖరీదైన బళ్ళకి ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

సీటు బెల్టు చివరికంటా బయటికి లాగండి. రోజూ వాడే భాగం తుడుస్తారు, లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు ఎవరూ తుడవరు. అక్కడ మట్టి గీత, బూజు మరక ఉందేమో చూడండి. వెనక సీట్ల బెల్టులు మరీ ముఖ్యం, ఈ బళ్ళలో వెనక ఎవరూ కూర్చోరు కాబట్టి అవి ఎలా ఉన్నవి అలాగే మిగిలిపోతాయి. సీటు కింద పట్టాల బోల్టులు టార్చి వేసి చూడండి, తుప్పు నారింజ రంగులో పొడిపొడిగా ఉంటే అనుమానించండి. డిక్కీ కార్పెట్టు ఎత్తి మూలల్లో వేలు పెట్టండి. టీటీకి స్టెప్నీ బదులు పంక్చరు ద్రావణం, చిన్న కంప్రెసరు ఇస్తారు, ఆ సీసా మీద గడువు తేదీ ఎలాగూ చూడాలి. అద్దాలన్నీ ఎక్కించి ఏసీ పెట్టుకుని పది నిమిషాలు లోపల కూర్చోండి. లోపల సెంటు వాసన గుప్పుమంటుంటే దాని కింద ఇంకేదో వాసన ఉందేమో ఆలోచించండి.

స్టార్ట్ చేసి వినండి

మస్టాంగ్ వీ8 చల్లగా స్టార్ట్ అయితే సన్నగా టిక్ టిక్ మనడం కొంత మామూలే. బండి వేడెక్కాక లోపలి నుంచి బరువైన టక్ టక్ వస్తే మామూలు కాదు. టీటీ స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు క్షణాలు గలగలమంటే టైమింగ్ చైన్ టెన్షనరు చూపించాలి. ఆ ఇంజనుకి నీళ్ళ పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ భాగం దగ్గర కూలెంట్ కారడం తెలిసిన జబ్బే. టార్చి వేసి చూస్తే ఎండిన గులాబీ రంగు పొరలా కనిపిస్తుంది. దీన్ని చూసి బండి వదిలెయ్యక్కర్లేదు, రేటులో తగ్గించుకుంటే చాలు.

టీటీ ఇంజను పెట్రోలుని నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది, ఆ పద్ధతి వల్ల వాల్వుల మీద మసి పేరుకోవచ్చు. ఊళ్ళో చిన్న చిన్న దూరాలే తిరిగిన బండికి ఇంకా ఎక్కువ. ఐడిల్‌లో వణుకు, పికప్ మందం దాని గుర్తులు. మన దేశానికి వచ్చిన ఆ మొదటి మస్టాంగుల్లో పెట్రోలు వాల్వుల వెనక నుంచే వస్తుంది కాబట్టి ఈ బెడద లేదు.

తర్వాత స్కానరు, అంటే బండి కంప్యూటర్లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం. ఆడికి, ఫోర్డ్‌కి తగిన స్కానరు ఉన్న మెకానిక్‌నే తీసుకెళ్ళండి. కోడ్‌లు ఏమీ లేవని చూపించినంత మాత్రాన సంతోషపడొద్దు. నిన్న రాత్రి కోడ్‌లు చెరిపేసి ఉంటే రెడీనెస్ పరీక్షలు (బండి కంప్యూటరు తనంతట తాను చేసుకునే తనిఖీలు) పూర్తి కాలేదని అదే స్కానరు చెబుతుంది. ఆ పేజీ తెరిపించి చూడండి.

టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి నిండా ఉన్నా అంత పాత టైరుతో ఈ బళ్ళు నడపకూడదు. టీటీకి నాలుగూ ఒకే కంపెనీవి, దాదాపు ఒకే అరుగుదల ఉన్నవి కావాలి, లేకపోతే నాలుగు చక్రాల పవర్ వ్యవస్థ మీద భారం పడుతుంది. మస్టాంగ్‌కి వెనక రెండూ లోపలి అంచున నున్నగా అరిగి ఉంటే అలైన్‌మెంట్ తప్పినట్టు, లేదా చక్రాలు తిప్పి పొగలు లేపే సరదా ఉన్న యజమాని చేతిలో తిరిగినట్టు.

ఒకే రకం దారిలో నడపండి

రెండు బళ్ళనీ ఒకే రోడ్డు మీద నడపలేకపోయినా ఒకే రకం దారి ఎంచుకోవచ్చు: ఒక స్పీడ్ బ్రేకరు, గుంతల వీధి ఒకటి, ఒక ఎత్తు, పది కిలోమీటర్ల హైవే. మొదట అమ్మే ఆయన్ని నడపమని మీరు పక్కన కూర్చోండి. చల్లటి ఇంజనుకి వెంటనే రేస్ ఇచ్చే మనిషి ఇన్నాళ్ళూ అలాగే నడిపి ఉంటాడు.

టీటీని ట్రాఫిక్‌లో నెమ్మదిగా, నడక వేగంతో ముందుకీ వెనక్కీ కదిలించండి. డబుల్ క్లచ్ గేర్‌బాక్సు రోగాలు వేగంలో దాక్కుంటాయి, నెమ్మదిలో జర్కులుగా బయటపడతాయి. ఎత్తులో ఆపి మళ్ళీ కదిలిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మస్టాంగ్‌ని హైవే మీద సమంగా పోనిచ్చి మెల్లగా రేస్ పెంచండి. గేరు మారేటప్పుడు తటపటాయింపు, మీటర్లన్నీ క్షణకాలం పడిపోవడం లాంటివి ఉంటే రాసుకోండి. వెనక చక్రాల మధ్య నుంచి గుయ్ మనే శబ్దం వేగంతో పాటు మారుతుంటే డిఫరెన్షియల్ చూపించాలి. మీ బండి మీ ఊళ్ళో నడవాలి కాబట్టి, తప్తపాణి ఘాట్ మలుపులనీ, వానలు పడ్డాక మన రోడ్లనీ గుర్తుంచుకునే నడపండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద గీసుకుందా, ఏటవాలుగా ఎక్కిస్తే తప్పిందా అన్నది కూడా కాగితం మీదకి ఎక్కాలి. చివర్లో లిఫ్టు మీదకి ఎత్తించి కింద చూడందే ఏ బండికీ మార్కులు వెయ్యొద్దు.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సంగతి: రెండూ ఆ పెట్రోలు రాకముందు బళ్ళు. పెట్రోలు గొట్టాల దగ్గర వాసన చూడండి. నెలల తరబడి కదలకుండా నిలబడిన బండి అయితే ట్యాంకులో పాత పెట్రోలు ఉన్నట్టే.

ఇంట్లోవాళ్ళు భద్రత గురించి అడిగితే చెప్పడానికి: యూరప్‌లో కార్లని గుద్ది చూసే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో 2015లో టీటీకి 4 స్టార్లు వచ్చాయి. 2017లో మస్టాంగ్‌కి మొదట 2, మార్పులు చేశాక 3 వచ్చాయి.

లెక్క

ఇప్పుడు కాగితం కింది భాగంలో రెండు మొత్తాలు వెయ్యండి. అంకెలు ఊరికే ఉదాహరణకి: ఎడమ బండి 34 లక్షలు అంటున్నారు, కుడి బండి 30 అంటున్నారు. కుడిదానికి నాలుగు టైర్లు, గేర్‌బాక్సు ఆయిల్, నీళ్ళ పంపు, బ్రేక్ డిస్కులు, వేరే రాష్ట్రం బండి కాబట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్సు, తెచ్చే లారీ ఖర్చు. ఎడమది ఒడిశా నంబరే, బిల్లులన్నీ ఉన్నాయి, టైర్లు కొత్తవి. అన్నీ కలిపితే తేడా కరిగిపోవచ్చు. ట్యాక్సుని అంచనాతో వెయ్యొద్దు. బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద, వయసుని బట్టి లెక్క కడతారు కాబట్టి లక్షల్లోనే ఉంటుంది. ఆర్టీవో ఆఫీసులో వేయించుకోండి. పాత రాష్ట్రంలో కట్టిన ట్యాక్సులో మిగిలిన కాలానికి రిఫండ్ వస్తే ఎవరికి చెందాలో కూడా బేరంలోనే తేల్చుకోండి. డీలరు దగ్గర కొంటే 18 శాతం జీఎస్టీ ఆయన లాభం మీదే పడుతుంది, మొత్తం ధర మీద కాదు. మొత్తం మీద అడిగితే ఒప్పుకోవద్దు.

నా అభిప్రాయం అడిగితే, రెండింటి కాగితాలూ ఒకేలా శుభ్రంగా ఉన్నప్పుడు బరంపురం ఊళ్ళో ఉండేవాళ్ళకి టీటీయే చెబుతాను. వీధిలో పడుతుంది, ఘాట్‌లో వానలో ధైర్యంగా నిలబడుతుంది, బాగుచేసేవాళ్ళు దొరుకుతారు. హైవే పక్కన విశాలమైన ఇల్లుండి, నెలకోసారి విశాఖ వైపు పొద్దున్నే వెళ్ళొచ్చే అలవాటున్న మనిషి ఆ వీ8 శబ్దం కోసం మస్టాంగ్ తీసుకుంటే తప్పు పట్టను, ఆ శబ్దానికి సాటి లేదు. బిల్లులు ఒకదానికే ఉంటే మాత్రం మోడల్ చూడకుండా బిల్లులున్నదే తీసుకోండి.

డబ్బు చేతులు మారేటప్పుడు

అడ్వాన్సు ఇచ్చేముందు తెల్లకాగితం మీద అయినా సరే చాసిస్ నంబరు, ధర, ఎన్‌ఓసీ (పాత ఆర్టీవో ఇచ్చే 'అభ్యంతరం లేదు' పత్రం) ఎవరు తెస్తారు, ఎప్పటిలోగా, రాకపోతే అడ్వాన్సు తిరిగిస్తారా అన్నవి రాసుకుని ఇద్దరూ సంతకాలు చెయ్యండి. నగదు రూపంలో 2 లక్షలు, ఆ పైన తీసుకోకూడదు, అది ఆదాయపన్ను చట్టం. మొత్తం బ్యాంకు ద్వారానే పంపండి, అదే మీకు రుజువు.

వేరే రాష్ట్రం బండికి పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, సంతకాలతో ఫారం 29, 30, అప్పు ఉంటే బ్యాంకు లేఖతో ఫారం 35 కావాలి. చివరి వాయిదా ఎన్‌ఓసీ చేతికొచ్చాకే ఇవ్వండి. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయన వెంటే పోతుంది, కనుక ప్రీమియం పెరుగుతుందని ముందే తెలిసి ఉండండి. పేరు మార్పు దరఖాస్తుకి మీకు 30 రోజులు గడువు. బండి గంజాం చేరగానే ఇంజను ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించి, ఆ రోజు కిలోమీటర్లు రాసి బిల్లు ఫైలులో పెట్టుకోండి.